బరువైన గేటుకు కీళ్లు బిగించేటప్పుడు

ఇనప గేటు కిందికి వాలి నేలకు రాసుకుంటుంటే అందరూ కింది కీలునే అనుమానిస్తారు. నిజానికి ఎక్కువగా లొంగేది పైది. 200 కిలోల గేటు, 6 అడుగుల వెడల్పు, కీళ్ల మధ్య 4 అడుగుల దూరం అనుకోండి. పై కీలును స్తంభం నుంచి బయటికి లాగే బలం దాదాపు 150 కిలోలు. అదే దూరం 5 అడుగులు చేస్తే 120కి తగ్గుతుంది. అందుకే రెండు కీళ్లనూ వీలైనంత దూరంగా పెట్టించండి. మూడోది వేస్తే బలమే గానీ, మూడూ ఒకే గీతలో కుదరకపోతే గేటు సగంలో బిగుసుకుంటుంది. గుండు కట్టిన దారం వేలాడదీసి చూశాకే పూర్తి వెల్డింగ్ చేయమనండి, ముందు అక్కడక్కడా వెల్డింగ్ చుక్కలు పెడితే చాలు.

బేరింగ్ కీలైతే ఒక జాగ్రత్త ఉంది: ఎర్తింగ్ క్లాంప్‌ను (వెల్డింగ్ మిషన్ రెండో తీగ చివరుండే పట్టును) వెల్డింగ్ చేస్తున్న ముక్కకే తగిలించాలి. కరెంటు బేరింగ్ గుండా పోతే లోపలి గోళీలు పాడవుతాయి. వెల్డర్ విసుక్కుంటాడు, అయినా చెప్పండి.

ఇటుక స్తంభంలో రావల్ ప్లగ్గుల (రంధ్రంలో దిగగొట్టి స్క్రూ బిగించే బిరడాల) మీద ఇంత బరువు వేలాడదీయొద్దు. కాంక్రీటు స్తంభం పోసేటప్పుడే లోపలి ఊచలకు ఇనప ప్లేటు అతికించి ఉంచుకోవాలి.

కళింగపట్నం, బారువ, భోగాపురం వైపు ఉప్పుగాలి కదా, గ్రీజు నిపుల్ (గ్రీజు ఎక్కించే చిన్న మూతి) ఉన్న కీళ్లే తీసుకోండి. పూర్తిగా రేకు కొట్టిన గేటయితే తుఫాను గాలి మొత్తం కీళ్ల మీదే పడుతుంది. 2018 తిత్లీ చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పై సగం జాలీ పెట్టించండి.