గొర్రుకు గుళికల డబ్బా బిగించేటప్పుడు
అనంతపురం వైపు శనక్కాయ విత్తే ట్రాక్టర్ గొర్రుకు గుళికల మందు డబ్బా బిగిస్తున్నారా, పైపు ఎక్కడా వంగి వేలాడకుండా చూసుకోండి, ఆ వంపులోనే గుళికలు చెమ్మ పట్టి గడ్డకట్టి సాలంతా మందు పడకుండా పోతుంది. పోయినేడు మా చేలో అట్లే జరిగింది, వాడిన మొక్కను పీకి చూస్తే వేరు పురుగు కొరికేసి ఉంది, ప్రాణం ఉసూరుమంది. డబ్బా ఎత్తులో పెట్టి, లోపల కనిపించే ప్లాస్టిక్ పైపును నిటారుగా దించండి.

విత్తే ముందు ప్రతి పైపు చివరా కవర్ కట్టి 100 మీటర్లు నడిపి తూకం వేయండి. 8 సాళ్ల గొర్రు, సాలుకు సాలుకు 30 సెంటీమీటర్లయితే అది ఎకరాలో దాదాపు 17వ వంతు. మొత్తం తూకాన్ని 17తో హెచ్చవేసి లేబుల్ మీది మోతాదుతో సరిచూడండి. గ్లవుజులు లేకుండా మాత్రం ముట్టుకోవద్దు.