పిల్లలకు మొదటి మారియో ఆట: చిక్కులు, కారణాలు, పరిష్కారాలు

దసరా సెలవులకో, సంక్రాంతికో గల్ఫ్ నుంచి గానీ అమెరికా నుంచి గానీ వరంగల్, హనుమకొండ, కరీంనగర్ ఇళ్లకు వచ్చే మేనమామలు, బాబాయిల సూట్‌కేసుల్లో ఈ మధ్య చాక్లెట్లతో పాటు నింటెండో స్విచ్ అనే వీడియో గేమ్ యంత్రం కూడా కనిపిస్తున్నది. దానితో పాటు ఏదో ఒక మారియో ఆట వస్తుంది. ఆ 'ఏదో ఒక' దగ్గరే చిక్కు మొదలవుతుంది. 1985లో సూపర్ మారియో బ్రదర్స్ వచ్చినప్పటి నుంచి ఇప్పటి దాకా ఆ పేరు మీద ఎగిరి దూకే ఆటలు, బండి పందేలు, నలుగురు కూర్చుని ఆడే పార్టీ ఆటలు, పేజీలకు పేజీలు చదవవలసిన కథల ఆటలు అన్నీ వచ్చాయి. అట్ట మీద మీసాల మారియో బొమ్మ అన్నింటికీ ఒకటే గనుక లోపలి ఆట ఆరేళ్ల పాపకు తగినదో, పన్నెండేళ్ల బాబుకు తగినదో ఆ బొమ్మను చూసి తెలుసుకోలేము. ఆట పెట్టిన తరువాత ఇంట్లో కనిపించే లక్షణాలను బట్టి కారణాన్నీ, మార్గాన్నీ కింద రాస్తున్నాను. ఇంకా ఏమీ కొననివారు మొదటి రెండు భాగాలు చదివితే చాలావరకు సరిపోతుంది.

మొదటి లెవెల్‌లోనే పదే పదే చచ్చిపోయి, రిమోట్ పక్కన పడేస్తున్నాడు

దీనికి ఎక్కువసార్లు కారణం తండ్రి జ్ఞాపకాలే. 1990లలో చవక యంత్రాన్ని టీవీకి తగిలించి, కాసెట్ గుచ్చి మారియో ఆడినవారు ఇప్పుడు తమ పిల్లలకు ముందుగా ఆ పాత ఆటనే చూపించాలని ఉత్సాహపడతారు. ఏదైనా ఒకటో భాగం నుంచే మొదలుపెట్టాలన్న లెక్క టీవీ సీరియల్‌కు సరిపోతుంది గానీ మారియోకు సరిపోదు. ఇక్కడ మొదటి ఆట తెలియకపోతే పదో ఆట అర్థం కాదన్న భయం అక్కరలేదు. బౌసర్ అనే తాబేలు రాజు ఏదో దౌర్జన్యం చేయడం, మారియో వెళ్లి దాన్ని సరిచేయడం, దాదాపు ప్రతిసారీ కథ ఇంతే. పైగా 1985 నాటి ఆట చిన్నపిల్లల పట్ల ఏమాత్రం దయ చూపదు. మూడు లైఫులు అయిపోతే ఆట మళ్లీ మొదటికి వస్తుంది, మొదటి లెవెల్‌లో గడియారం 400 నుంచి దిగుతూ తరుముతుంది, దాటి వచ్చిన చోటికి వెనక్కి వెళ్లడానికి తెర జరగదు. జపాన్‌లో 1986లో వచ్చిన రెండో భాగం అంతకంటే కఠినమైనది కాబట్టి వరుస నంబర్లను నమ్ముకున్నవారికి అక్కడ కూడా మేలు జరగదు.

రెండో కారణం పిల్లవాడి బొటనవేలిలో ఉంది. దీన్ని ఒకసారి పక్కన కూర్చుని గమనించాలి. మారియోను పరుగెత్తించాలంటే వై బటన్‌ను నొక్కి పట్టుకోవాలి, దూకించాలంటే బి బటన్ నొక్కాలి, ఈ రెండూ కుడిచేతి బొటనవేలి పనులే. అలవాటున్నవారు వేలి కొసను వై మీద ఉంచి, వేలిని కొద్దిగా వాల్చి అదే వేలి మధ్య భాగంతో బి నొక్కుతారు. ఆరేడేళ్ల పిల్లల వేలు పొట్టిది, పైగా ఆ కిటుకు ఎవరూ చెప్పి ఉండరు గనుక వారు వై మీది నుంచి వేలు తీసేసి బి నొక్కుతారు. తీసిన క్షణంలోనే పరుగు తగ్గుతుంది, దూకుడు పొట్టిదవుతుంది, మారియో గుంతలో పడతాడు. చూసే పెద్దలకు అది తొందరపాటులా కనిపిస్తుంది. "ఇటియ్యి, నేను చూపెడ్త" అని రిమోట్ లాక్కోవడం అప్పుడే జరుగుతుంది. అది మాత్రం చేయకూడదు.

పరిష్కారం ఏమిటంటే 2023 అక్టోబరులో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ వండర్‌తో మొదలుపెట్టడం. నా దృష్టిలో స్విచ్ ఉన్న ఇంట్లో ఏడేళ్ల లోపు పిల్లలకు ఇంతకంటే మంచి మొదటి మారియో ఆట లేదు. ఇందులో మారియోకు బదులు యోషీ అనే బుల్లి డైనోసార్‌ను గానీ, నాబిట్ అనే కుందేలు వంటి దొంగను గానీ ఎంచుకుంటే శత్రువులు తగిలినా దెబ్బ తగలదు. గుంతలో పడితే మాత్రం లైఫ్ పోతుంది, కనుక ఆటలో ఓడిపోవడం అనేది పూర్తిగా లేకుండా పోదు, అలా ఉండటమే మంచిది. ఆట మొదట్లోనే దొరికే పారాచూట్ క్యాప్ బ్యాడ్జిని పెట్టుకుంటే దూకిన తరువాత టోపీ పట్టుకుని మెల్లగా దిగవచ్చు. మొదటి కొన్ని రోజులు పరుగు బటన్ జోలికి వెళ్లకుండా నడిపిస్తూనే ఆడనివ్వండి. తొలి లెవెళ్లను దాటడానికి నడక సరిపోతుంది.

యంత్రం కొనకముందే పిల్లవాడి చేతి వాటం తెలుసుకోవాలంటే ఫోన్‌లో సూపర్ మారియో రన్ పెట్టి చూడవచ్చు. 2016 డిసెంబరులో మొదట ఐఫోన్‌కు వచ్చిన ఈ ఆటలో మారియో తనంతట తానే పరుగెత్తుతాడు, పిల్లలు తెరను తాకి దూకించడమే. మొదటి కొన్ని లెవెళ్లు ఉచితం, మిగిలినవాటికి ఒకేసారి డబ్బు కట్టాలి, ఆడుతున్నంతసేపూ నెట్ ఉండాలి. అందులో గుంతలను అంచనా వేసి దూకగలిగిన పిల్లలకు పెద్ద ఆటలో కష్టమల్లా ఆ రెండో బటనే.

"డాడీ, ఇదేం అంటుంది?" అని నిమిషానికోసారి అడుగుతున్నది

పెట్టె మీద మారియో ఉన్నాడు, రంగులు బాగున్నాయి, కానీ తెర మీద అక్షరాలు ఆగకుండా వస్తూనే ఉన్నాయంటే మీ ఇంటికి వచ్చింది కథల ఆట. 1996 నాటి ఆటకు కొత్త రూపంగా 2023 నవంబరులో వచ్చిన సూపర్ మారియో ఆర్‌పీజీ, 2004 నాటి ఆటను 2024లో తిరిగి తెచ్చిన పేపర్ మారియో ది థౌజండ్ ఇయర్ డోర్, 2024 నవంబరు నాటి మారియో అండ్ లుయీజీ బ్రదర్‌షిప్, ఇవన్నీ ఆ కోవలోనివే. వీటిలో పాత్రలు నోటితో మాట్లాడే బదులు మాటలను అక్షరాలుగా చూపిస్తాయి. తెలుగు గానీ హిందీ గానీ వీటిలో లేవు. ఇంగ్లిష్ మీడియంలో చదివే రెండో తరగతి పాప కూడా అక్షరాలు కూడబలుక్కుని చదవగలదే తప్ప, పేపర్ మారియోలోని వెటకారాన్నీ, మాటల గారడీనీ పట్టుకోలేదు.

చాలామంది ఇక్కడ అట్ట మీది వయసు గుర్తును చూసి మోసపోతారు. 3, 7 అన్న అంకెలు గానీ, అమెరికా పెట్టెల మీద ఉండే ఇ అక్షరం గానీ హింస, బూతు, భయం వంటివి లోపల ఎంతున్నాయో చెబుతాయి. ఆట ఎంత కష్టమో, ఎంత చదవాలో ఆ గుర్తుకు సంబంధం లేని విషయం.

ఈ ఆట ఇప్పటికే ఇంట్లో ఉంటే రెండు దారులున్నాయి. ఐదో తరగతి దాకా దాన్ని అల్మారాలో దాచిపెట్టి, చదవవలసిన అవసరం దాదాపు లేని బండి పందేల ఆట మారియో కార్ట్ 8 డీలక్స్ గానీ వండర్ గానీ ముందు ఇవ్వవచ్చు. లేదా అమ్మో, నాన్నో పక్కన కూర్చుని ప్రతి మాటనూ తెలుగులో చెబుతూ ఆడించవచ్చు. రెండోది ఎంతో బాగుంటుంది, కానీ ఆఫీసు నుంచి ఎనిమిదింటికి ఇల్లు చేరేవారు రెండో వారానికే మానేస్తారు. సగంలో ఆగిన కథ కంటే మొదలుపెట్టని కథే నయం.

మారియో గోడకు ఆనుకుని నిలబడిపోతున్నాడు, పిల్లవాడు తల తిరుగుతున్నదంటున్నాడు

ఇది 2017 అక్టోబరులో వచ్చిన సూపర్ మారియో ఒడిస్సీ పెట్టిన ఇళ్లలో కనిపించే లక్షణం. ఆట గొప్పదే, సందేహం లేదు. కాకపోతే అందులో ఎడమ బొటనవేలు మారియోను నడుపుతుంటే కుడి బొటనవేలు చూపును తిప్పుతూ ఉండాలి. రెండు చేతులతో రెండు వేర్వేరు పనులు చేయడం కొత్తవారికి వెంటనే రాదు. అందుకే మారియో ఒకవైపు పోతుంటే తెర ఆకాశాన్నో, గోడనో చూపిస్తుంది.

కొనడం అయిపోయి ఉంటే కొత్తవారికి సాయపడే అసిస్ట్ మోడ్ ఆన్ చేయండి. ఎటు పోవాలో బాణాలు చూపిస్తాయి, మూడుకు బదులు ఆరు దెబ్బల దాకా ఓర్చుకునే బలం వస్తుంది, గుంతలో పడితే బుడగలో తిరిగి పైకి వస్తాడు. ఇద్దరు ఆడే పద్ధతి పెట్టి అక్క మారియోను నడుపుతుంటే తమ్ముడికి మారియో విసిరే టోపీని అప్పగించవచ్చు. టోపీకి చావు భయం లేదు. ఇంకా కొనకపోతే ముందుగా సూపర్ మారియో త్రీడీ వరల్డ్ తీసుకోవడం తెలివైన పని. అందులో చూపును చాలావరకు ఆటే చూసుకుంటుంది, ఒకే లెవెల్‌లో ఐదు లైఫులు పోగొట్టుకుంటే శత్రువులు ఏమీ చేయలేని శక్తినిచ్చే తెల్లటి ఆకు ప్రత్యక్షమవుతుంది.

అన్నాదమ్ములు ఆట మధ్యలో కొట్టుకుంటున్నారు

ఎవరి తప్పో తేల్చే ముందు ఆట పేరు చూడండి. 2019 జనవరిలో వచ్చిన న్యూ సూపర్ మారియో బ్రదర్స్ యూ డీలక్స్‌లో ఆటగాళ్లు ఒకరికొకరు తగులుతారు, ఒకరి నెత్తి మీద ఇంకొకరు దూకవచ్చు, పక్కవాణ్ణి ఎత్తి గుంతలోకి విసరవచ్చు కూడా. పెద్దవాళ్లకు అది నవ్వులాట, పిల్లలకు అది పంచాయితీ. వండర్‌లో ఒకరికొకరు తగలరు; చచ్చినవాడు దయ్యంలా తేలుతూ వచ్చి వేళకు ఇంకొకరిని తాకితే మళ్లీ బతుకుతాడు. అయితే ఆటగాళ్లలో ఒకరి నెత్తిన కిరీటం ఉంటుంది, తెర వారినే అనుసరిస్తుంది గనుక కిరీటం ఎవరి నెత్తిన ఉందో చూసి మెల్లగా నడిచే చిన్నవాడికి దాన్ని దక్కనివ్వాలి. యూ డీలక్స్‌తో పాటే వచ్చే న్యూ సూపర్ లుయీజీ యూను మాత్రం పిల్లలకు పెట్టనే పెట్టకండి. ఒక్కో లెవెల్‌కు 100 క్షణాలే ఇస్తుంది.

ఆట అసలు మొదలే కావడం లేదు

యంత్రం టీవీకి తగిలించలేని చిన్న రకం స్విచ్ లైట్, ఆట 2018 నాటి సూపర్ మారియో పార్టీ అయితే చేతిలో పట్టుకుని ఆడటం కుదరదు. దానికి జాయ్‌కాన్లు అనే చిన్న రిమోట్లు విడిగా కావాలి. 2021 నాటి మారియో పార్టీ సూపర్‌స్టార్స్‌కు ఆ ఇబ్బంది లేదు. పెట్టె వెనుక టీవీ మీద, బల్ల మీద, చేతిలో అని మూడు రకాల ఆటకు బొమ్మలుంటాయి, చేతిలో ఆడే బొమ్మ ఉందో లేదో చూసి డబ్బులివ్వండి. ఎర్ర పెట్టెలో వచ్చే, స్విచ్ 2 అనే కొత్త యంత్రం ఆటలు, ఉదాహరణకు 2025 జూన్ నాటి మారియో కార్ట్ వరల్డ్, పాత స్విచ్‌లో నడవవు. పాత ఆటలు చాలావరకు కొత్త యంత్రంలో నడుస్తాయి. అమెరికా నుంచి తెచ్చిన ఛార్జర్ 100 నుంచి 240 వోల్టుల దాకా పనిచేస్తుంది, ప్లగ్గు మార్చే చిన్న అడాప్టర్ కరెంటు సామాన్ల దుకాణంలో దొరుకుతుంది. విదేశంలో కొన్న ఆట కార్డు కూడా స్విచ్‌లో ఆడుతుంది.

ప్రతి పందెం పూర్తి చేస్తున్నాడు, అయినా విసుగొస్తున్నదంటున్నాడు

మారియో కార్ట్ 8 డీలక్స్‌లో బండి రోడ్డు దిగకుండా కాపాడే స్మార్ట్ స్టీరింగ్ ముందే ఆన్ చేసి ఉంటుంది. బండి వెనుక చిన్న యాంటెన్నా ఉందంటే అది పనిచేస్తున్నట్టే. నాలుగైదేళ్ల పిల్లలకు అది వరమే గానీ, చేయి తిరిగినవారిని కొన్ని అడ్డదారుల్లోకి పోనివ్వకుండా అదే లాగి పట్టుకుంటుంది. పిల్లవాడికి బండి తన మాట వినడం లేదనిపిస్తుంది, విసుగు అక్కడి నుంచి పుడుతుంది. బండి ఎంచుకునే తెర దగ్గర ప్లస్ బటన్ నొక్కి స్మార్ట్ స్టీరింగ్ ఒక్కటి తీసేయండి. బండిని దానంతట అదే ముందుకు నడిపే ఆటో యాక్సిలరేట్ ఆన్‌లో ఉంటే అలాగే ఉంచి, పందెం వేగాన్ని 50 సీసీకి తగ్గించండి, ఎందుకంటే కొన్నాళ్లు బండి తరచూ అంచు దాటి పడుతుంది. మలుపుల్లో పడటం తగ్గాక ఆటో యాక్సిలరేట్ కూడా తీసి, ఆ తరువాతే 100 సీసీకి పెంచాలి.