అమ్మ గద్వాల చీరకు కత్తెర పెట్టే ముందు

బతుకమ్మ దగ్గర పడిందంటే చాలు, పాత చీరలతో కుర్తీలు, లాంగ్ ఫ్రాకులు కుట్టించే వీడియోలు చూసి చాలామంది బీరువా తెరుస్తారు. మంచిదే, మడతల్లో మగ్గే బట్ట ఒంటి మీదికి రావడం నాకూ ఇష్టమే. కానీ ఇంకా చీరగా కట్టుకోదగ్గదాన్ని మాత్రం దయచేసి కోయించకండి. కొంగు చివర చిరిగినవి, కుచ్చిళ్ల దగ్గర మరక పడినవి, అట్లాంటివి చాలు.

ముందు చీరను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. మడత దగ్గర రెండు చేతులతో మెల్లగా లాగినప్పుడు పట్టు చిట్లితే అది కుర్తీగానూ నిలవదు, అంచు మాత్రం తీసి దుపట్టాకు వేయించుకోండి. తర్వాత తడిపిన తెల్ల గుడ్డతో ఓ మూల రుద్ది రంగు దిగుతుందేమో చూసుకోవాలి.

అసలు జాగ్రత్తంతా గద్వాల చీరతోనే. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు, రెండింటినీ మగ్గం మీదే కలుపుతారు. నూలు ముడుచుకున్నంతగా పట్టు ముడుచుకోదు కాబట్టి ఇన్నాళ్లూ డ్రైక్లీనింగ్‌కే ఇచ్చిన చీరైతే, రంగు దిగకపోతేనే, కోయకముందే ఒకసారి చల్లటి నీళ్లలో తడిపి నీడన ఆరేయండి, లేకపోతే కుట్టించాక మొదటి ఉతుకుకే అంచు ముడతలు పడుతుంది. లైనింగ్ గుడ్డ కూడా తడిపి ఆరేసిందే వాడమనండి. నూలూ పట్టూ కలిసే గీత మీద కుట్టు పడకూడదని టైలర్‌కు గట్టిగా చెప్పండి. అంచు కుర్తీ కింది భాగంలో రావాలంటే చీర వెడల్పే కుర్తీ పొడవు అవుతుంది, అంటే సుమారు 45 అంగుళాలు, మోకాలు దాటేవరకు అతుకు లేకుండా వస్తుంది.

పోచంపల్లిది వేరే లెక్క. నేయకముందే దారాన్ని కట్లు కట్టి రంగులద్దుతారు కాబట్టి డిజైన్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది, ఎండకు ఒకవైపు వెలిసిపోయినా బట్ట తిరగేసి కుట్టించుకోవచ్చు, ఇది చాలామందికి తట్టదు. పక్క కుట్ల దగ్గర డిజైన్ సగాలు కలవాలంటే అరమీటరు దాకా ఎక్కువ బట్ట పడుతుంది. అయినా పోచంపల్లి గుడ్డ మీటర్ల లెక్కన దొరుకుతుంది, కుర్తీ కోసమే అయితే మంచి చీరను కోయడం ఎందుకు?

నారాయణపేట నూలు చీర అన్నిటికంటే తేలిక, మగపిల్లల కుర్తాలకూ బాగుంటుంది. పుట్టపాకలో నేసే తేలియా రుమాలు గుడ్డకు మాత్రం కత్తెర పెట్టొద్దు. ఆముదపు కాయల బూడిద, నూనె కలిపి దారాన్ని రోజుల తరబడి నానబెట్టి, ఆరబెట్టి చేసే పని అది, 2020లో జీఐ గుర్తింపు, అంటే ఆ ఊరి ప్రత్యేకత అన్న భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. జీన్స్, తెల్ల కుర్తా మీద దుపట్టాగా వేసుకోండి, అంతకంటే అందం ఏముంది!

జపాన్‌లో కిమోనోను నిలువు ముక్కలుగా కోసి కుడతారు, కావాలంటే కుట్లు విప్పి, ఉతికి మళ్లీ కుట్టుకుంటారు. మీరూ వంపుల కటింగ్ తగ్గించి, లోపల కుట్టు దగ్గర రెండు అంగుళాల గుడ్డ వదిలేయమనండి, ఒళ్లు చేసినా పనికొస్తుంది.

పదునైన కొనలున్న గాజులు, గొలుసులు పట్టు దారాన్ని లాగేస్తాయి, సెంట్ జరీ మీద కొట్టొద్దు. ఇక మిగిలిన ముక్కలన్నీ వెనక్కి ఇవ్వమని టైలర్‌కు బట్ట ఇచ్చేటప్పుడే చెప్పండి, రేపు ఎక్కడైనా చిరిగితే అతుక్కు అదే గుడ్డ కావాలి, బజారులో దొరకదు.