బయానా ఇచ్చే ముందు: వరంగల్ వైపు సెకండ్‌హ్యాండ్ కారు కొనేవాళ్లకు

సెకండ్‌హ్యాండ్ కారు కొనడంలో తలనొప్పి చాలావరకు ఒక్కచోటే మొదలవుతుంది. బండి రంగు నచ్చగానే బయానా చేతిలో పెట్టేస్తారు. పది వేలు ఇచ్చాక లోపం కనిపించినా వెనక్కి రావడానికి మనసొప్పదు, "ఇంకో ఇద్దరు అడుగుతున్నారు" అనే మాట అప్పుడే పనిచేస్తుంది. ముందు కాగితాలు, తర్వాత చల్లటి ఇంజిన్, బాడీ, రోడ్డు, మెకానిక్, అన్నీ అయ్యాకే పైసలు. ఈ వరస తప్పకండి. మొదటి మూడింటికి రూపాయి ఖర్చు లేదు, పనికిరాని బండ్లలో చాలావరకు అక్కడే బయటపడతాయి.

ఇంటికి ఏ బండి

రోజూ బండెక్కేది ఎంతమందో లెక్కేయండి. రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతరకు అందరం కలిసి పోవాలని ఏడు సీట్ల బండి తీసుకుంటే, మిగతా రోజులన్నీ ఖాళీ సీట్లను మోయడానికి పెట్రోలు పోయాలి. అలాంటి ప్రయాణాలకు కిరాయి బండి మాట్లాడుకోవడమే చౌక. నలుగురైదుగురున్న ఇంటికి హ్యాచ్‌బ్యాకో చిన్న సెడానో చాలు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే వాళ్లను వెంట తీసుకెళ్లి రెండు మూడుసార్లు ఎక్కించి దింపి చూడండి. సెడాన్ సీటు కిందికి ఉంటుంది, లేచేటప్పుడు బరువంతా మోకాళ్ల మీద పడుతుంది. వ్యాగన్‌ఆర్ లాంటి ఎత్తు బండ్లలో వంగకుండా పక్కకు జరిగి కూర్చోవచ్చు.

నెలకు వెయ్యి కిలోమీటర్లలోపు తిరిగేవాళ్లకు పెట్రోలే సరి. డీజిల్ మైలేజీ చూసి ఆశపడేవాళ్లు ఒక సంగతి తెలుసుకోవాలి. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 అనే కొత్త కాలుష్య ప్రమాణాలతో వచ్చిన డీజిల్ కార్లలో సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది, దాన్నే డీపీఎఫ్ అంటారు. పట్టిన మసి కాలిపోవాలంటే ఇంజిన్ బాగా వేడెక్కి, కొంతసేపు ఆగకుండా మంచి వేగంలో నడవాలి. హన్మకొండ చౌరస్తా నుంచి కాజీపేట, అక్కణ్నుంచి వరంగల్ స్టేషన్, ఇలా ఐదారు కిలోమీటర్ల ముక్కలుగానే తిప్పితే ఆ అవకాశం రాదు. మసి పేరుకుని డ్యాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది, పట్టించుకోకపోతే పికప్ పడిపోతుంది. ఆ ఫిల్టర్ మార్చాల్సి వస్తే డీజిల్‌లో మిగిలిందంతా అందులోనే పోతుంది. వారం వారం హైదరాబాద్ వెళ్లొచ్చేవాళ్లకు ఈ బాధ ఉండదు.

ధర మాట్లాడే ముందు అదే మోడల్ కొత్త బండికి ఇవాళ ఆన్‌రోడ్ ఎంతో షోరూమ్‌లో కనుక్కోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. నాలుగు మీటర్లలోపు పొడవు, పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ దాటని ఇంజిన్ ఉన్నవి ఈ లెక్కలోకి వస్తాయి. అంతకుముందు కొన్న ఓనరు తను పెట్టిన ధర మీద తగ్గింపు లెక్క చెబుతాడు. మీరు మాత్రం ఇవాళ్టి కొత్త ధర నుంచి కిందికి రండి.

కాగితాల్లో ఏం దొరుకుతుంది

ఒరిజినల్ ఆర్‌సీ, ఇన్సూరెన్స్ పాలసీ, సర్వీసు రికార్డు అడగండి. ఆర్‌సీలో ఉన్న చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు బండి మీద చెక్కిన వాటితో ఒక్కో అక్షరం పోల్చుకోండి. నంబరు ప్లేటు కూడా వయసు చెబుతుంది. ఏపీ 36 ఉందంటే అది 2014 జూన్‌లో టీఎస్ సిరీస్ రాకముందు బండి. సొంత కార్ల ఆర్‌సీ పదిహేనేళ్లకే ఉంటుంది, ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి, గ్రీన్ టాక్స్ కట్టి ఐదేళ్ల చొప్పున పొడిగించుకోవాలి. గడువు దగ్గర పడ్డ బండికి ఆ ఖర్చును ధరలోంచి తీసేయాలి.

లోను మీద కొన్న బండైతే ఆర్‌సీలో హైపోథికేషన్, అంటే బండి బ్యాంకు తాకట్టులో ఉందనే నమోదు, ఉంటుంది. "లోను కట్టేశాను, కాగితం తర్వాత ఇస్తా" అంటే ఒప్పుకోవద్దు. బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఆ నమోదు తీసేయడానికి బ్యాంకు సంతకం ఉన్న ఫారం 35 చేతికొస్తేనే లోను తీరినట్టు.

ఇన్సూరెన్స్ పాలసీని గడువు చూసి మడిచిపెట్టేయకండి. అందులో నో క్లెయిమ్ బోనస్ అని ఒక శాతం ఉంటుంది. క్లెయిమ్ లేకుండా ఏడాది గడిస్తే 20, తర్వాత 25, 35, 45, ఐదేళ్లకు 50 శాతం దాకా పెరుగుతుంది. నాలుగైదేళ్ల బండికి ఆ గడిలో సున్నా ఉంటే పోయిన ఏడాది క్లెయిమ్ అయినా తీసుకున్నారు, పాలసీని మూడు నెలలకు పైగా రెన్యువల్ చేయకుండా అయినా వదిలేశారు, లేకపోతే బండి ఈమధ్యే చేతులు మారింది. క్లెయిమ్ అయితే దేనికో అడగండి. "చిన్న గీత" అంటే బిల్లు చూపించమనండి.

ఈ-చలాన్ సైట్‌లో బండి నంబరు కొట్టి బాకీలు చూడండి, బేరంలోనే అమ్మేవాళ్లతో కట్టించండి. కిరాయి బండ్ల ఎల్లో ప్లేటు నుంచి సొంత బండ్ల వైట్ ప్లేటుకు మార్చిన బండా అనేది కూడా తేల్చుకోండి. గోదావరిఖని, భూపాలపల్లి లాంటి గనుల ఊళ్లలో కాంట్రాక్టు మీద తిరిగిన కార్లు పైకి మెరుస్తూ ఉన్నా, చాలామంది డ్రైవర్ల చేతులు మారి బొగ్గు దుమ్ములో లక్షల కిలోమీటర్లు నడిచి ఉండొచ్చు. ఎయిర్ ఫిల్టర్ పెట్టె మూత తీసి, ఫిల్టర్ దాటాక ఉండే పైపు లోపల వేలితో తుడవండి. నల్లటి పొడి అంటితే ఆ దుమ్ము ఇంజిన్‌లోకి పోయినట్టే.

ఢిల్లీ నుంచి వచ్చిన డీజిల్ బండ్లు చౌకగా దొరుకుతాయి. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ మీద ఆంక్షలు పెట్టడమే కారణం. ఎన్‌ఓసీ, ఇక్కడి లైఫ్ టాక్స్, కొత్త నంబరు అన్నీ కలిపితే ఆ చౌక చాలాసార్లు మిగలదు.

పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు

"రేపు పొద్దున ఏడింటికి వస్తాం, అప్పటిదాకా స్టార్ట్ చేయొద్దు" అని చెప్పి వెళ్లండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీకంటే ముందే నడిపారని అర్థం, ఇంకో రోజు రండి. వేడి ఇంజిన్ చాలా లోపాల్ని దాచేస్తుంది.

స్టార్ట్ చేసేటప్పుడు ఒకరు సైలెన్సర్ వెనక నిలబడాలి. మొదట కాస్త తెల్లటి ఆవిరి రావడం మామూలే, ఇంజిన్ వేడెక్కినా తెల్లపొగ ఆగకపోతే కూలెంట్ లోపలికి లీకవుతోంది. నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతోంది. డీజిల్‌లో నల్లపొగ కమ్మితే ఇంజెక్టర్లు అనుమానించాలి. ఆయిల్ పోసే మూత తిప్పి లోపలి వైపు చూడండి. మీగడలాంటి తెల్లటి జిగురు ఉంటే నీళ్లు ఆయిల్‌లో కలుస్తున్నాయేమో, మెకానిక్‌తో హెడ్ గ్యాస్కెట్ పరీక్ష చేయించకుండా ముందుకు పోవద్దు.

వరద నీళ్లలో మునిగిన బండి

వరంగల్‌లో ఈ పరీక్షను ఎవరూ వదలకూడదు. 2020 ఆగస్టులో, 2023 జూలైలో, 2025 అక్టోబరులో మొంథా తుపానుకు నయీంనగర్ నాలా చుట్టుపక్కల, హంటర్ రోడ్డు వైపు కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. అలా మునిగిన బండిని కడిగి, సీటు కవర్లు మార్చి అమ్మితే పైకి ఏమీ తెలియదు. వైరింగ్ కనెక్టర్లలో చేరిన తేమ ఆర్నెల్ల తర్వాత పచ్చగా చిలుము పడుతుంది. అప్పుడొక రోజు పవర్ విండో పనిచేయదు, ఇంకో రోజు ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతుంది, మరో రోజు బండి స్టార్టే అవ్వదు. ఇలాంటి బండికి బాగుచేయడమనేది పూర్తికాదు.

సీటు బెల్టును చివరిదాకా, ఇక రానంతవరకు గుంజండి. కడిగేవాళ్లు పైకి కనిపించే మూరెడు బెల్టే కడుగుతారు. లోపల చుట్టుకుని ఉన్న భాగంలో మట్టిరంగు గీత కనిపిస్తే నీళ్లు అంతవరకు వచ్చినట్టే. నాలుగు బెల్టులూ అలాగే చూడండి. తర్వాత డిక్కీలో స్టెప్నీ తీసి దాని కింది గుంత మూలలు, ముందు సీట్ల కింద రైలు బోల్టులు తడిమి చూడండి. పాత తుప్పు కన్నా సన్నటి ఒండ్రు మట్టిని వెతకండి, అది మూలల్లోంచి అంత తేలిగ్గా పోదు. డ్రైవర్ కాళ్ల దగ్గర కార్పెట్ అంచు ఎత్తి కింది స్పాంజిని గట్టిగా నొక్కండి. అద్దాలన్నీ మూసి ఎండలో పావుగంట ఉంచి తలుపు తీస్తే ముక్కిన వాసన తెలుస్తుంది. బండి నిండా ఘాటు సెంటు కొట్టి ఉంటే ఎందుకు కొట్టారో ఆలోచించండి.

యాక్సిడెంట్, మీటరు

బానెట్, ఫెండర్, తలుపుల మధ్య సందు రెండు వైపులా ఒకే వెడల్పు ఉండాలి. బానెట్ కీళ్ల బోల్టుల మీద పెయింట్ చిట్లి ఉంటే పానా పడిందని అర్థం. తలుపు రబ్బరు ఊడదీసి కింద చూడండి, కంపెనీ వేసిన స్పాట్ వెల్డింగ్ గుండ్రటి చుక్కలు సమాన దూరంలో ఉంటాయి. డెంటింగ్ షాపులో వేసిన వెల్డింగ్ వంకరగా ఉంటుంది, లేకపోతే లప్పం కింద కనిపించదు. బంపర్ మార్చడం, తలుపు పెయింట్ పెద్ద విషయం కాదు. ముందు చాసిస్ కడ్డీలు, అద్దం పక్క పిల్లర్లు వంగి సాపు చేసిన బండైతే ఎంత తగ్గించినా వద్దు.

మీటరు తిప్పడం కష్టమైన పనేం కాదు, అందుకే అంకెను నమ్మకండి. నలభై వేలు తిరిగిందన్న బండికి క్లచ్ పెడల్ రబ్బరు అరిగి నున్నగా ఉండదు, స్టీరింగ్ తోలు మెరవదు. కంపెనీ సర్వీస్ సెంటర్‌కు ఓనరుతో కలిసి వెళ్లి, బండి నంబరు మీద ఏ తేదీన ఎన్ని కిలోమీటర్లకు వచ్చిందో చూపించమనండి. టైరు పక్కన గుడ్డులాంటి గీతలో నాలుగంకెలు ఉంటాయి. 2319 ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. ఐదారేళ్లు దాటితే అరగకపోయినా మార్చాలి, మన ఎండలకు రబ్బరు గట్టిపడి వానలో జారుతుంది. చిన్న కారుకైనా నాలుగు టైర్లకు పదహారు నుంచి ఇరవై వేలు పెట్టుకోవాలి.

రోడ్డు మీద

కనీసం అరగంట, మీరే నడపండి. మ్యూజిక్ ఆపేయండి. ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కేటప్పుడు నాలుగో గేరులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి. ఇంజిన్ రొద పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు అయిపోయింది. ఖాళీ జాగాలో స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి మెల్లగా గుండ్రంగా తిప్పండి, టక్ టక్ శబ్దం వస్తే యాక్సిల్ జాయింట్ అరిగింది. బ్రేకు వేస్తే ఒక పక్కకు గుంజకూడదు. ఏసీని మిట్టమధ్యాహ్నం, బండి నిలబెట్టి పావుగంట నడిపి చూడండి. మే నెలలో రామగుండం, మంచిర్యాల ఎండకు తట్టుకోవాల్సిన ఏసీ పొద్దున్నే చల్లగా ఉందంటే చాలదు. ఆ పావుగంటలో టెంపరేచర్ ముల్లు సగం దాటి ఎక్కితే రేడియేటర్, ఫ్యాన్ చూపించాలి.

ఇవన్నీ సరిపోయాకే మీ సొంత మెకానిక్‌ను పిలవండి, అమ్మేవాళ్లు చూపించిన మెకానిక్‌ను కాదు. స్కానర్ పెట్టించి, బండి లిఫ్ట్ ఎక్కించి కింద చూపించండి. ఆయన కూలి ఐదువందలో వెయ్యో ముందే మాట్లాడుకోండి, బేరం కుదిరినా కుదరకపోయినా ఇవ్వండి. బేరం కుదిరితేనే పైసలు వచ్చే మెకానిక్ బండి బాగుందనే అంటాడు.

పైసలు, పేరు మార్పు

ఫైనాన్స్ వాళ్లు "నూటికి రూపాయే" అంటే బ్యాంకు పన్నెండు శాతంతో సమానం అనుకోవద్దు. మూడు లక్షలు మూడేళ్లకు రూపాయి వడ్డీ లెక్కన తీసుకుంటే వడ్డీ 1,08,000, నెల కిస్తీ 11,333. ఇక్కడ మీరు తీర్చేసిన అసలుకు కూడా చివరి నెల దాకా వడ్డీ పడుతూనే ఉంటుంది. బ్యాంకు తగ్గుతున్న అసలు మీద పన్నెండు శాతం వేస్తే కిస్తీ సుమారు 9,964, మొత్తం వడ్డీ 59 వేలలోపే. అంటే ఆ రూపాయి వడ్డీ నిజంగా ఏడాదికి 21 శాతం. బండి ధరలో పదో వంతు పక్కన పెట్టుకోవడం మరవద్దు. తెచ్చిన వారంలోనే ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్, బ్రేకు ఆయిల్ మార్పించాలి, బ్యాటరీకి మూడు నాలుగేళ్లు దాటితే అదీ.

డబ్బు అకౌంటుకే పంపండి. పేరు మార్పుకు పెట్టే ఫారం 29, 30 మీద సంతకాలు మీ కళ్ల ముందే జరగాలి, రెండు తాళాలూ తీసుకోవాలి. డెలివరీ కాగితం మీద తేదీతో పాటు గంట, నిమిషం కూడా రాయించండి, అదే రోజు బండికి ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిదో అదే చెబుతుంది. అమ్మినవాళ్లు 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో ఆర్టీఏకు తెలపాలని చట్టం. ఇన్సూరెన్స్ మీ పేరుకు మార్చమని 14 రోజుల్లో కంపెనీకి దరఖాస్తు పెట్టండి. ఆర్‌సీ ఒకరి పేరు, పాలసీ ఇంకొకరి పేరు ఉంటే మీ బండి డ్యామేజీ క్లెయిమ్ తిరగ్గొడతారు. పాత ఓనరు బోనస్ మీకు రాదు, కాబట్టి తేడా ప్రీమియం కట్టాలి.

పాత ఓనరు ఫాస్టాగ్‌ను కూడా అదే రోజు మూయించి, ఆర్‌సీ మీ పేరుకు మారగానే మీ కేవైసీతో కొత్తది తీసుకోండి. లేకపోతే హైదరాబాద్ పోయేటప్పుడు కోమళ్ల టోల్‌గేట్ దగ్గర పైసలు ఆయన ఖాతాలో కటవుతాయి, ఆయన ఆ ట్యాగ్‌ను ఆపించిన రోజు మీరు మామూలు టోల్ కంటే ఎక్కువ కట్టాల్సి వస్తుంది.