బెంగళూరులో ఇల్లుందా? అమ్మే రోజు దాకా ఆగకుండా ఈ-ఖాతా తీసుకోండి

బెంగళూరులో ఫ్లాటో సైటో కొన్న మనవాళ్లు చాలామంది సేల్ డీడ్ బీరువాలో పెట్టేసి, ఏటా ట్యాక్స్ కట్టేస్తే పనైపోయిందనుకుంటారు. అమ్మబోయేదాకా అలాగే నడిచిపోతుంది కూడా. కానీ 2024 అక్టోబరు నుంచి నగర పరిధిలో ఈ-ఖాతా లేనిదే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పని జరగడం లేదు. కొనేవాళ్లు అడ్వాన్సు ఇచ్చి, వాళ్ల లోన్ కూడా మంజూరయ్యాక ఈ కాగితం కోసం పరుగులు పెట్టే బదులు, తీరిగ్గా ఉన్న ఒక ఆదివారం కూర్చుని అప్లై చేసేయండి.

ఖాతా అంటే హక్కు పత్రం కాదు. ఫలానా ఆస్తికి ఫలానావాళ్ల పేరున పన్ను వసూలు చేస్తున్నామని కార్పొరేషన్ రాసుకున్న లెక్క, అంతే. అదే ఆన్‌లైన్‌లో ఉంటే ఈ-ఖాతా. హక్కు చూడాలంటే సేల్ డీడ్, దాని వెనక లింకు డాక్యుమెంట్లే (పాత అమ్మకాల కాగితాలే) చూడాలి, 'ఖాతా ఉంది కదా సార్' అన్న బ్రోకర్ మాట నమ్మి అవి చూడడం మానేయకండి. అన్నీ సక్రమంగా ఉన్న ఆస్తిది ఏ ఖాతా. ఇక బీ ఖాతా: అనుమతి లేని లేఅవుట్లు, కన్వర్షన్ కాని (వ్యవసాయ భూమిగానే ఉండిపోయిన) రెవెన్యూ సైట్లలాంటివి ఇందులోకి వస్తాయి. పన్ను కట్టించుకుంటారు గానీ ప్లాన్ శాంక్షన్ దగ్గర, బ్యాంకు లోన్ దగ్గర ఇబ్బందే. ఆన్‌లైన్‌లోకి ఎక్కినంత మాత్రాన బీ కాస్తా ఏ అయిపోదు.

పాత నగర కార్పొరేషన్ బీబీఎంపీ పోయి 2025 సెప్టెంబరులో ఐదు కార్పొరేషన్లు వచ్చాయి, పైన గ్రేటర్ బెంగళూరు అథారిటీ ఉంది. దానికి కంగారు పడనక్కర్లేదు, పని మాత్రం ఈ-ఆస్తి పోర్టల్లోనే. వార్డు ఎంచుకుని మీ పేరుతో వెతికితే డ్రాఫ్ట్ ఖాతా కనబడుతుంది. సేల్ డీడ్, ట్యాక్స్ రసీదు, ఓనర్లందరి ఆధార్, కరెంటు బిల్లు మీది బెస్కాం అకౌంట్ నంబరు, ఇంటి ఫొటో దగ్గర పెట్టుకోండి. రిజిస్ట్రేషన్ శాఖ వారి కావేరి వెబ్‌సైట్ నుంచి ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) తీసేటప్పుడు మీ డీడ్ తేదీకి ముందు నుంచే తీయండి, లేకపోతే మీ కొనుగోలే అందులో కనబడదు. ఆన్‌లైన్ అంటే టెన్షన్ పడే పెద్దవాళ్లు ప్రభుత్వ సేవలందించే బెంగళూరు వన్ సెంటర్‌కి వెళ్లొచ్చు.

మనవాళ్లకు అసలు చిక్కు పేరు దగ్గరే. డీడ్‌లో కె.వి. సుబ్బారావు అని ఉంటుంది, ఆధార్‌లో ఇంటిపేరు మొత్తం ముందుంటుంది, ట్యాక్స్ రసీదులో ఇంకోలా. ఆడవాళ్లకైతే పెళ్లికి ముందు ఇంటిపేరు ఒకచోట, తర్వాతది ఇంకోచోట. డీడ్‌కీ ఆధార్‌కీ పేరు కలవకపోతే దరఖాస్తు ముందుకు పోకుండా ఆఫీసు పరిశీలనకు వెళ్తుంది. తప్పు ఆధార్‌లో ఉంటే ముందు అది దిద్దించుకోండి, అది తేలికైన పని. డీడ్‌లోనే తప్పుంటే సవరణ పత్రం రాయించాలి, దానికి మీకు అమ్మినాయన మళ్లీ సంతకానికి రావాలి, ఆయన ఏ ఊళ్లో ఉన్నాడో ముందు కనుక్కోవాలి! డ్రాఫ్ట్ కన్నడలో ఉంటుంది, మన అక్షరాలకు దగ్గరే కాబట్టి కూడబలుక్కుని చదవొచ్చు. విస్తీర్ణం, నాలుగు వైపులా హద్దులు డీడ్‌తో పోల్చి చూశాకే ఓకే చెప్పండి.

ఎలాగూ కాగితాలు బయటికి తీశారు కాబట్టి ట్యాక్స్ కూడా చూసుకోండి. ఏప్రిల్ 30 లోపు ఏడాది మొత్తం కట్టేస్తే 5 శాతం తగ్గింపు ఇస్తూ వస్తున్నారు. మీరే ఉంటే ఒక రేటు, అద్దెకిస్తే అంతకన్నా ఎక్కువ. ఫ్లాట్ అద్దెకిచ్చి అమెరికాలో ఉంటూ, పాత ఫారంలో ఉన్నట్టే 'సొంత నివాసం' అని కట్టేస్తున్నవాళ్లు కొందరున్నారు. అది మిగులు కాదు, నోటీసు వస్తే తేడాతో పాటు పెనాల్టీ, వడ్డీ కూడా కట్టుకోవాలి.