పీఎస్ తప్పుడు లెక్కలు చెప్తోందా? లినక్స్‌లో ప్రాసెస్ సమాచారం: సమస్య - పరిష్కారం

ముందు ఒక్క విషయం తెలిస్తే మిగతాది ఈజీ. లినక్స్‌లో ప్రాసెస్‌ల (అంటే నడుస్తున్న ప్రోగ్రామ్‌ల) లిస్టు చూపించే పీఎస్, టాప్ లాంటి కమాండ్లు చేసేదల్లా స్లాష్ ప్రాక్ ఫోల్డర్‌లోకి వెళ్ళి, ఒక్కో ప్రాసెస్ నంబర్ మీద ఉన్న ఫోల్డర్ తెరిచి, లోపలి ఫైల్స్ చదవడమే. ఆ ఫైల్స్ డిస్క్ మీద ఎక్కడా ఉండవు, ఫైళ్ళ లిస్టు చూపే ఎల్ఎస్ కొడితే సైజు సున్నా అంటుంది, మనం చదివినప్పుడు లినక్స్ గుండెకాయ అయిన కెర్నెల్ అప్పటికప్పుడు వండి వడ్డిస్తుంది. ఇంటింటికీ తిరిగి జనాభా లెక్క రాసుకున్నట్టు అన్నమాట, చివరి ఇంటికి వెళ్ళేసరికి మొదటి ఇంట్లో వాళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోయుండొచ్చు.

సమస్య: 8 జీబీ మెషీన్‌లో ఒక ప్రాసెస్ 48 జీబీ తింటోందట

ఇది నాకే జరిగింది. నేను రాసుకున్న పైథాన్ స్క్రిప్ట్ రాత్రి రెండింటికి అలర్ట్ కొట్టింది, టీమక్స్ (ఒకే టెర్మినల్‌లో చాలా విండోలు నడిపే చిన్న ప్రోగ్రామ్) 48 జీబీ వాడుతోందని. టీమక్స్ ఏంటి, 48 జీబీ ఏంటి! మెమరీ చూపే ఫ్రీ కమాండ్ కొట్టి చూస్తే ర్యామ్ సగం ఖాళీగానే ఉంది. చివరికి స్లాష్ ప్రాక్‌లో ఆ ప్రాసెస్ వివరాలు ఒకే లైన్‌లో ఉండే స్టాట్ ఫైల్ తెరిస్తే లైన్ మొదలు ఇలా ఉంది:

2314 (టీమక్స్: సర్వర్) ఎస్ 1 2314 2314 0

కారణం: నేను లైన్‌ని స్పేస్ దగ్గర ముక్కలు చేశా. పేరులోనే స్పేస్ ఉండేసరికి తర్వాతవన్నీ ఒక గడి పక్కకి జరిగాయి. 24వ గడిలో ఆర్ఎస్ఎస్ (నిజంగా వాడుతున్న ర్యామ్) ఉంటుంది, అది పేజీల్లో (మామూలుగా 4096 బైట్ల ముక్కల్లో) లెక్క కాబట్టి 4096తో గుణిస్తాం. నా స్క్రిప్ట్‌కి దొరికింది 23వ గడిలోని వర్చువల్ సైజు (ప్రాసెస్ తనకోసం రిజర్వ్ చేసుకున్న మొత్తం అడ్రసుల సైజు), అది ఆల్రెడీ బైట్లలోనే ఉంటుంది. 12 ఎంబీని పట్టుకుని 4096తో గుణిస్తే 48 జీబీ రాక ఏమొస్తుంది.

పరిష్కారం: లైన్‌లో చివరి మూసే బ్రాకెట్ వెతకండి, అక్కడ కోసి ఆ తర్వాతదే ముక్కలు చెయ్యండి. మొదటి బ్రాకెట్ దగ్గర కోస్తే మళ్ళీ దొరికిపోతారు, ఎందుకంటే సిస్టమ్‌డీ (బూట్ అయ్యేటప్పుడు సర్వీసులన్నీ నడిపేది) ఉన్న మెషీన్లలో ఎస్‌డీ-పామ్ అని ఒక ప్రాసెస్ ఉంటుంది, దాని పేరులోనే బ్రాకెట్లున్నాయి, స్టాట్‌లో డబుల్ బ్రాకెట్లతో కనిపిస్తుంది. కోశాక మాన్యువల్‌లో ఉన్న గడి నంబర్‌లోంచి 3 తీసేస్తే మీ లిస్ట్ ఇండెక్స్, యూటైమ్ (ప్రోగ్రామ్ సొంత కోడ్ తిన్న సీపీయూ సమయం) 14 అంటే మీకు 11. ఇంకోటి, ఈ పేరు 15 అక్షరాల దగ్గర తెగిపోతుంది, పూర్తి కమాండ్ కావాలంటే సీఎండీలైన్ ఫైల్ చూడాలి. అది కెర్నెల్ థ్రెడ్లకీ (కెర్నెల్ సొంత పనివాళ్ళు), జాంబీలకీ (చచ్చిపోయినా లిస్టులో మిగిలిపోయిన ప్రాసెస్‌లు) ఖాళీగా వస్తుంది, కంగారు పడకండి.

సమస్య: పీఎస్ కొడితే సగం లిస్టు వచ్చి అక్కడే ఆగిపోతోంది

చూసినవాళ్ళకి చెమటలు పడతాయి, సర్వర్ లాగిన్ అవుతుంది, ఎల్ఎస్ పనిచేస్తుంది, పీఎస్ మాత్రం బిగుసుకుపోతుంది, కంట్రోల్ సీకి కూడా చాలాసార్లు లొంగదు. ప్రోగ్రామ్ కెర్నెల్‌ని ఏమడుగుతోందో చూపే ఎస్‌ట్రేస్‌లో పీఎస్ నడిపి చివరి లైన్ చూడండి, దాదాపు ఎప్పుడూ ఏదో ఒక ప్రాసెస్ సీఎండీలైన్ ఫైల్ చదువుతూ ఆగి ఉంటుంది.

కారణం: కమాండ్ లైన్ అనేది ఆ ప్రాసెస్ సొంత మెమరీలో ఉంటుంది, కెర్నెల్ దాన్ని తియ్యాలంటే ఆ ప్రాసెస్ మెమరీ తాళం తీసుకోవాలి. ఆ ప్రాసెస్ ఏమో తాళం చేత్తో పట్టుకుని, పడిపోయిన ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్ళు పంచే) సర్వర్ కోసమో చచ్చిపోతున్న డిస్క్ కోసమో డీ స్టేట్‌లో (మామూలుగా లేపడానికి వీల్లేని నిద్ర) ఉండిపోయింది, ఇక మన పీఎస్ వెళ్ళి దాని వెనక క్యూలో నిలబడింది.

పరిష్కారం: కమాండ్ లైన్ అడక్కండి. పీఎస్‌కి హైఫన్ ఈఓ ఇచ్చి పిడ్ (ప్రాసెస్ నంబర్), స్టాట్ (స్టేట్), డబ్ల్యూచాన్ (కెర్నెల్‌లో ఎక్కడ ఎదురుచూస్తోందో), కామ్ (చిన్న పేరు) మాత్రమే అడిగితే లిస్టు చకచకా వచ్చేస్తుంది, అందులో డీ ఉన్నవాళ్ళే అనుమానితులు. రూట్‌గా (అన్ని హక్కులూ ఉన్న యూజర్‌గా) ఆ ప్రాసెస్ స్టాక్ ఫైల్ చదివితే కెర్నెల్‌లో ఎక్కడ ఇరుక్కుందో కూడా తెలుస్తుంది. కిల్ 9 (బలవంతంగా చంపే సిగ్నల్) కొట్టి కూచుంటే మాత్రం చాలాసార్లు లాభం ఉండదు, అలాంటప్పుడు నిద్రలేచేదాకా దానికి సిగ్నల్ అందదు. ఎన్ఎఫ్ఎస్ అయితే సర్వర్‌ని లేపండి, లేదా ఫోర్స్ పెట్టి అన్‌మౌంట్ చేసి చూడండి, ఒక్కోసారి పనిచేస్తుంది, ఏదీ కాకపోతే రీబూటే.

సమస్య: టాప్‌లో సీపీయూ 100, పీఎస్‌లో 3

రెండూ నిజమే. పీఎస్ చెప్పేది ప్రాసెస్ పుట్టినప్పట్నుంచి సగటు, టాప్ చెప్పేది గత కొన్ని సెకన్లది. మీరే లెక్క కట్టాలంటే స్టాట్ ఫైల్‌లోని యూటైమ్, ఎస్‌టైమ్ (దాని తరఫున కెర్నెల్ తిన్న సమయం) కలిపి రెండుసార్లు చదివి తేడా తియ్యండి, అది టిక్కుల్లో ఉంటుంది, మామూలుగా సెకనుకి 100.

సమస్య: స్క్రిప్ట్ అప్పుడప్పుడు ఫైల్ లేదంటూ పడిపోతోంది

లిస్టు తీసుకోడానికీ ఫైల్ తెరవడానికీ మధ్యలో ప్రాసెస్ చచ్చిపోయింది, అంతే. తెరిచేటప్పుడు ఈఎన్ఓఈఎన్‌టీ (ఫైల్ లేదు), తెరిచాక చదివేటప్పుడు ఈఎస్ఆర్‌సీహెచ్ (ప్రాసెస్ లేదు) అనే ఎర్రర్లు వస్తాయి, రెండూ పట్టుకుని ముందుకెళ్ళండి, చాలామంది మొదటిదే పట్టుకుంటారు. ఇంతకన్నా ప్రమాదం, అదే నంబర్ ఇంకో ప్రాసెస్‌కి రావడం. పాత మెషీన్లలో 32768 దాటగానే నంబర్లు మళ్ళీ మొదటికొచ్చేవి. అందుకే నంబర్ ఒక్కటే గుర్తుపెట్టుకోకుండా 22వ గడిలోని స్టార్ట్ టైమ్ కూడా కలిపి దాచుకోండి. చంపే పని కూడా ఉంటే కెర్నెల్ 5.3 నుంచి పిడ్‌ఎఫ్‌డీ (నంబర్‌తో కాకుండా ఆ ఒక్క ప్రాసెస్‌నే పట్టుకునే హ్యాండిల్) ఉంది, అది వాడండి.

సమస్య: నా ప్రాసెస్‌లు తప్ప ఎవరివీ కనపడట్లేదు

మౌంట్ కమాండ్ కొట్టి ప్రాక్ లైన్‌లో హైడ్‌పిడ్ (ఇతరుల ప్రాసెస్‌లు దాచే సెట్టింగ్) ఉందేమో చూడండి. 2 అని గానీ, కొత్త కెర్నెళ్ళలో ఇన్‌విజిబుల్ అని గానీ ఉంటే అడ్మిన్ కావాలనే దాచాడు, రూట్‌తోనో, ఆ మౌంట్‌లో అనుమతించిన గ్రూప్‌తోనో తప్ప కనపడవు. అది లేకపోతే మీరు కంటైనర్ (మిగతా మెషీన్ కనపడకుండా వేరుచేసిన గది లాంటిది) లోపల ఉన్నారేమో చూసుకోండి, ప్రాసెస్ నంబర్ 1గా మీ అప్లికేషనే కనిపిస్తే అదే సంగతి.