తల్లి లేని పిల్లల్ని పెంచుతున్న నాన్నలకి: ఇల్లు, డబ్బు, కాగితాలు ఎలా సంపాదించుకోవాలి

ముందు ఒక విషయం తేల్చేసుకుందాం. మన ఆంధ్రప్రదేశ్‌లో ఒంటరి తండ్రి పేరుతో పింఛను లేదు. భర్త పోయిన ఆడవాళ్లకి ఎన్టీఆర్ భరోసాలో నెలకి 4,000 వస్తుంది, ఒంటరి మహిళకీ వస్తుంది, భార్య పోయిన మగవాడికి మాత్రం అందులో చోటు లేదు. అందుకే సచివాలయానికి వెళ్లి "నాలాంటివాడికి ఏదైనా స్కీమ్ ఉందా అండీ" అని అడిగితే లేదనే చెప్తారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలామంది ఆ మాట దగ్గరే ఆగిపోయి అప్పు కోసం తిరుగుతున్నారు. మీరు వేరేలా అడగండి. నా పిల్లలకి ఏం వస్తుంది, నా భార్య పేరు మీద ఉన్నవాటిని ఎలా మార్చుకోవాలి, నేను చేసే పనికి ఏం వస్తుంది అని అడగండి. వచ్చేదేదైనా ఈ దారుల్లోనే వస్తుంది.

కాగితాలు ముందు

భార్య చనిపోయి ఉంటే అన్నిటికీ మూలం మరణ ధ్రువపత్రం. 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే సులువు, ఏడాది దాటితే మెజిస్ట్రేట్ ఉత్తర్వు దాకా వెళ్లాలి. ఆ దుఃఖంలో ఇవన్నీ ఎవరికి గుర్తుంటాయి, అందుకే ఈ ఒక్క పనీ మీ తమ్ముడికో బావమరిదికో అప్పజెప్పండి. మన వైపు వాళ్లు చాలామంది తెలుసుకోని సంగతి ఒకటుంది. చావు ఎక్కడ జరిగితే నమోదు అక్కడే. పెద్ద జబ్బు చేస్తే విశాఖ తీసుకెళ్తాం కదా, అక్కడ ఆస్పత్రిలో పోతే సర్టిఫికెట్ విశాఖలోనే తీసుకోవాలి, మీ ఊరి పంచాయతీలో దొరకదు. తీసుకున్నప్పుడే నాలుగైదు కాపీలు తీసుకోండి, అందులో పేరు, ఇంటిపేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో అక్కడే నిలబడి చూసుకోండి. ఒక్క అక్షరం తేడాకి బ్యాంకు వాళ్లు వెనక్కి పంపిస్తారు.

ఆ తర్వాత తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం. రెండింటికీ సచివాలయంలోనో మీసేవలోనో దరఖాస్తు పెట్టొచ్చు. వాట్సాప్‌లో మన మిత్ర, 9552300009 నంబరుకి హాయ్ అని పంపితే కొన్ని సర్టిఫికెట్లకి ఇంట్లో కూర్చునే దరఖాస్తు చేసుకోవచ్చు, కూలి పోకుండా ఉంటుంది.

భార్య చనిపోలేదు, వదిలేసి వెళ్లిపోయింది లేదా విడిపోయారు అంటే ఇబ్బంది ఎక్కువ. కోర్టు విడాకుల డిక్రీ ఉంటే సరే. ఊళ్లో పెద్దమనుషుల ముందు రాసుకున్న కాగితం ఉంటే దాన్ని పారేయకండి గానీ, ఆఫీసుల్లో అది చాలదు. శ్రీకాకుళంలో అయినా విజయనగరంలో అయినా జిల్లా కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది, ఫోన్ 15100. ఎస్సీ, ఎస్టీలకి, ఆదాయం తక్కువున్నవాళ్లకి, పిల్లల తరఫున వచ్చినవాళ్లకి లాయర్ని ఉచితంగా పెడతారు. పిల్లలు ఎవరి దగ్గర ఉండాలన్నది కోర్టు ద్వారా తేల్చుకున్నాక మిగతా పనులన్నీ తేలికవుతాయి. నా మాట వినండి, గొడవ పెరుగుతుందేమో అని ఏళ్ల తరబడి నానబెట్టకండి, నష్టపోయేది పిల్లలు.

సచివాలయం రికార్డులో మీ ఇల్లు ఎలా ఉంది

అన్నిటికన్నా ఎక్కువ మంది ఆగిపోయేది ఇక్కడే. సచివాలయం కంప్యూటర్‌లో ప్రతి కుటుంబానికీ ఒక రికార్డు ఉంటుంది, హౌస్‌హోల్డ్ మ్యాపింగ్ అంటారు. మీరు ఒక కుటుంబంలో, పిల్లలు అమ్మమ్మగారి కుటుంబంలో ఉంటే, లేదా పోయిన మనిషి పేరు ఇంకా అందులోనే ఉంటే, ఏ పథకానికి వెళ్లినా అడ్డం వస్తుంది. వెల్ఫేర్ అసిస్టెంట్ దగ్గర కూర్చుని మీ రికార్డు తెరిచి చూపించమనండి. ఎవరెవరి పేర్లున్నాయి, మీ ఆధార్ మీద ఎవరి కరెంటు మీటరైనా ఎక్కిందా, భూమి ఎంత చూపిస్తోంది, అన్నీ చదవమనండి. నెలకి 300 యూనిట్లు దాటితే పథకాలు ఆగుతాయి, ఉమ్మడి ఇంట్లో అన్నగారి ఏసీ బిల్లు మీ పేరు మీద పడుతోందంటే దాన్ని ముందు విడగొట్టించుకోవాలి.

రేషన్ కార్డు కూడా అంతే. ఆహార భద్రత చట్టం ప్రకారం ఇంటి పెద్ద 18 దాటిన ఆడమనిషి. అలాంటి ఆడమనిషి ఇంట్లో లేకపోతే వయసులో పెద్దవాడైన మగవాడే ఇంటి పెద్ద అవుతాడు. ఇది చట్టంలోనే ఉంది, కాబట్టి ఆడవాళ్లు లేకపోతే కార్డు కుదరదు అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. పని కోసం హైదరాబాదో చెన్నైయో వెళ్తే బియ్యం అక్కడ కూడా తీసుకోవచ్చు, కార్డు ఇక్కడిదైనా పర్లేదు.

గ్యాస్ కనెక్షన్ భార్య పేరు మీద ఉంటే మీ పేరుకి మార్పించుకోండి. ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లిచ్చే దీపం-2 మన శ్రీకాకుళం జిల్లాలోనే, ఇచ్ఛాపురం మండలం ఈదుపురంలో 2024 నవంబరు 1న మొదలైంది, కనెక్షన్ పోయిన మనిషి పేరు మీద ఉండిపోతే ఆ డబ్బు ఎటుపోతుందో కూడా తెలీదు.

పిల్లల పేరు మీద వచ్చే డబ్బు

తల్లికి వందనం అన్న పేరు చూసి అది మనకి కాదనుకుంటారు. ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివే ప్రతి బిడ్డకీ ఏడాదికి 15,000, అందులో 2,000 స్కూలు అవసరాలకి పోయి 13,000 ఖాతాలో పడుతుంది. తల్లి లేకపోతే తండ్రి ఖాతాలో, తండ్రి కూడా దగ్గర లేకపోతే పెంచుతున్న సంరక్షకుల ఖాతాలో వేస్తారు. దీనికి చేయాల్సినవి: స్కూల్లో హెచ్‌ఎం దగ్గరకెళ్లి పిల్లల వివరాల్లో ఎవరి ఆధార్ ఉందో చూసుకోవడం, సచివాలయం రికార్డులో పిల్లలు మీతోనే ఉండేలా చేయడం, మీ ఆధార్‌కి లింకైన ఖాతా వాడుకలో ఉందో లేదో బ్యాంకులో కనుక్కోవడం. ఎప్పుడో కూలికి వెళ్లినచోట తెరిచి మర్చిపోయిన ఖాతాకి ఆధార్ లింకై, డబ్బు అందులో పడుతూ ఉంటుంది చాలామందికి. హాజరు 75 శాతం ఉండాలి. తల్లి బతికే ఉండి వేరే ఊళ్లో ఉంటే డబ్బు ఆమె ఖాతాకి వెళ్లే అవకాశం ఉంది, అప్పుడు పిల్లలు మీ దగ్గరే చదువుతున్నారని హెచ్‌ఎం ఇచ్చే స్టడీ సర్టిఫికెట్, కోర్టు కాగితం పెట్టి అర్జీ పెట్టుకోవాలి.

మిషన్ వాత్సల్య ఇంకొకటి. కేంద్రం పథకం, ఎంపికైన పిల్లలకి స్పాన్సర్‌షిప్ కింద నెలకి 4,000. ఉన్నమాట చెప్పాలంటే ఇందులో కూడా భర్త పోయిన తల్లుల పిల్లలు అని స్పష్టంగా రాశారు, భార్య పోయిన తండ్రి అని రాయలేదు. కానీ తల్లిదండ్రులు ప్రాణాంతక జబ్బుతో ఉన్నా, పిల్లల్ని అటు శరీరంతోనూ ఇటు డబ్బుతోనూ చూసుకోలేని స్థితిలో ఉన్నా అర్హులే అని ఉంది. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో డయాలసిస్ చేయించుకుంటూ పిల్లల్ని సాకుతున్న తండ్రులున్నారు, వాళ్లు కచ్చితంగా అడగాలి. డయాలసిస్ రోగికి విడిగా నెలకి 10,000 పింఛను కూడా ఉంది. ఆదాయ పరిమితి పల్లెల్లో ఏడాదికి 72,000, పట్టణాల్లో 96,000. దరఖాస్తు జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌లో ఇవ్వాలి, అంత దూరం వెళ్లలేకపోతే ముందు మీ అంగన్‌వాడీ టీచరమ్మని అడిగితే ఎవరికివ్వాలో చెప్తారు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసినా దారి చూపిస్తారు.

ఇప్పుడు భార్య పాస్‌బుక్ తీయండి. మే నెలాఖరులో 436 రూపాయలు కోసినట్టు ఉందా? అయితే ఆమెకి ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమా ఉన్నట్టే, ఏ కారణంతో పోయినా నామినీకి 2 లక్షలు వస్తాయి. 20 రూపాయలు కోస్తే అది ప్రమాద బీమా. ఆమె డ్వాక్రా సభ్యురాలైతే సంఘం లీడరుని, ఊళ్లో సంఘాల లెక్కలు చూసే వీవోఏని కలిసి పొదుపు ఎంతుంది, అప్పు ఎంత మిగిలింది, బీమా ఉందా అని లెక్క రాయించుకోండి. ఆ 436 బీమా మీరు కూడా కట్టుకోండి, పిల్లలకి మిగిలింది మీరొక్కరే. నామినీగా మైనరు పిల్లల పేరు రాస్తే డబ్బు ఎవరి చేతికివ్వాలో ఒక పెద్దమనిషి పేరు కూడా రాయాలి, అది ఖాళీగా వదలకండి.

భవన నిర్మాణ కూలీలైతే కార్మిక శాఖలో కార్డు, వేటకి వెళ్లేవాళ్లయితే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా నిషేధ కాలంలో ఇచ్చే 20,000, ప్రభుత్వ ఉద్యోగులైతే భార్య పోయినవాళ్లకి, విడాకులైనవాళ్లకి కూడా ఉన్న 180 రోజుల శిశు సంరక్షణ సెలవు. ఎవరిది వాళ్లు చూసుకోండి.

ఇల్లు

సొంతింటి సంగతికొస్తే, రాష్ట్రంలో ఇళ్ల పట్టాలు ఆడవాళ్ల పేరు మీదే ఇస్తున్నారు. విజయనగరం దగ్గర గుంకలాం లేఅవుట్‌లాంటి చోట్ల భార్య పేరు మీద స్థలం వచ్చి, ఇల్లు సగంలో ఉండగా ఆమె పోతే, బిల్లులు ఆగిపోతాయి. ఇల్లు పోయిందని వదిలేసినవాళ్లున్నారు. పోలేదు. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం జతచేసి, లబ్ధిదారు పేరు వారసుడిగా మీ పేరుకి మార్చమని సచివాలయం ఇంజినీరింగ్ అసిస్టెంట్‌కి, హౌసింగ్ ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరు) రాతపూర్వకంగా ఇవ్వండి, ఒక కాపీ మీద సంతకం, తేదీ వేయించుకోండి.

కొత్తగా అడిగేవాళ్లకి: పట్టణాల్లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన నిబంధనల్లోనే, ఇంట్లో వయసొచ్చిన ఆడమనిషి లేకపోతే మగవాడి పేరు మీద ఇవ్వొచ్చు అని ఉంది. మీ అమ్మగారు మీతో ఒకే కార్డులో ఉండి, ఆమె పేరు మీద ఇంతకుముందు ఇల్లు రాకపోతే, ఆమె పేరు మీద అడగడం ఇంకా తొందరగా తెమిలే దారి.

ఇక అద్దె. మగమనిషి ఒక్కడే వచ్చాడంటే బ్యాచిలర్ అనుకుని తలుపు వేసేస్తారు, బలగ అయినా అరసవల్లి అయినా దాసన్నపేట అయినా ఇదే. ఇల్లు చూడ్డానికి పిల్లల్ని తీసుకునే వెళ్లండి, కుదిరితే అమ్మనో అక్కనో కూడా. మొదటి మాటలోనే చెప్పేయండి, "వీళ్లమ్మ లేదండి, నేనే చూసుకుంటున్నాను, పగలు పిల్లలు స్కూల్లో ఉంటారు" అని. దాచిపెట్టి తర్వాత తెలిస్తే అనుమానం వస్తుంది. టూలెట్ బోర్డులకన్నా పిల్లల స్కూలు టీచర్ల ద్వారా, మీరు పనిచేసేచోట మేస్త్రీ ద్వారా వెతికితే త్వరగా దొరుకుతుంది, ఎందుకంటే మీ గురించి చెప్పే మనిషి అక్కడ ఉంటాడు. వంద, రెండొందలు తక్కువని దూరంగా తీసుకోకండి. స్కూలు, అంగన్‌వాడీ, సాయంత్రం పిల్లల్ని కాసేపు చూసే పిన్నిగారు, ఇవి నడిచి వెళ్లే దూరంలో ఉంటేనే మీరు రెండో పూట పనికి వెళ్లగలరు. అద్దె ఒప్పందం స్టాంపు కాగితం మీద 11 నెలలకి రాయించుకోండి, ఆధార్‌లో చిరునామా మార్చడానికి అదే పనికొస్తుంది.

పనికి దూరం వెళ్లక తప్పకపోతే హాస్టళ్లున్నాయి. ఆడపిల్లలకి ఆరో తరగతి నుంచి కస్తూర్బా విద్యాలయాల్లో అమ్మా నాన్నల్లో ఒకరు లేనివాళ్లకి ముందు సీటిస్తారు, అంబేద్కర్ గురుకులాల్లో ఐదో తరగతికి పరీక్ష ఉంటుంది. కానీ తల్లి పోయిన ఏడాదే బిడ్డని హాస్టల్లో వేయొద్దని నా గట్టి అభిప్రాయం. అమ్మమ్మో నాయనమ్మో ఉంటే ఆ ఒక్క ఏడాదీ వాళ్ల దగ్గరే ఉంచండి.

పని జరక్కపోతే

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. 2022లో జిల్లాలు విడిపోయాక రాజాం వాళ్లు విజయనగరానికి, పాలకొండ వాళ్లు పార్వతీపురానికి వెళ్లాలి. వెళ్లలేకపోతే 1100కి ఫోన్ చేసి కూడా ఫిర్యాదు నమోదు చేయించొచ్చు. ఒక అర్జీలో ఒకే విషయం రాయండి, ఇల్లూ పింఛనూ రేషనూ కలిపి రాస్తే ఏ శాఖా తనది అనుకోదు. పిల్లల పేర్లు, వయసులు, తల్లి పోయిన తేదీ పైనే రాసి, అడిగేది ఒక్క వాక్యంలో పెట్టండి. రసీదు నంబరు ఫోన్లో ఫొటో తీసుకోండి, మీ సమస్య తీరకుండానే పరిష్కరించాం అని మెసేజ్ వస్తే ఆ నంబరు చెప్పి మళ్లీ తెరిపించమని అడగండి.